వార్డు అన్న మాటకి అసలు అర్థం

సత్యానందం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆయన దగ్గర ఇంగ్లీషు చదువుకున్న వాళ్ళందరికీ ఇది అనుభవమే. నేను డిగ్రీలో ఉండగా, విషాద నాటకానికీ ఉత్త ఏడుపుగొట్టు నాటకానికీ తేడా ఏమిటండీ అని ఒకసారి అడిగాను. "పక్క వీధిలో కనకరత్నమ్మగారి పిల్లి చచ్చిపోయిందట, వెళ్ళి కాసేపు కూర్చుని రా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది గాని వెళ్ళాను. ఆవిడ పిల్లి ఊసే ఎత్తలేదు. నాకు కాఫీ కలిపి ఇచ్చి, "ఇక పాలగిన్నె మీద మూత పెట్టక్కర్లేదమ్మా" అని మాత్రం అంది. తిరిగొచ్చి మాస్టారికి చెబితే "ఊఁ" అన్నారు. అంతే. ఆ తేడా ఏమిటో నన్ను ఇవాళ నిలదీసినా ఒక్క వాక్యంలో చెప్పలేను, కాని మళ్ళీ ఆ ప్రశ్న ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు.

మొన్నటి చలికాలంలో మాస్టారికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. పాత శిష్యులం కొందరం కూడబలుక్కుని ప్రైవేటు ఆస్పత్రిలో గది మాట్లాడాం. ఆయన వింటేనా! "గదిలో పడుకుని గోడతో కబుర్లు చెప్పమంటారా?" అని మా ఊరి పెద్దాసుపత్రిలో, మగవాళ్ళ జనరల్ వార్డులో చేరిపోయారు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు, కాబట్టి ఆయన మంచం పక్కన కూర్చునే వంతులు మావే. మధ్యాహ్నం కారియరు తెచ్చే పని నాది. ఆ వేళకి ఎక్కువగా నీలాద్రి ఉండేవాడు. నీలాద్రి మాస్టారి ఆఖరి శిష్యుడు. తెలుగువాళ్ళ నోట్లో పడిన ఇంగ్లీషు మాటల మీద పరిశోధన చేస్తున్నాడు. మంచివాడే. కాకపోతే వాడికి మనిషి కనిపిస్తే ముందు ఆ మనిషి మాట్లాడిన మాట కనిపిస్తుంది, మనిషి తర్వాత కనిపిస్తాడు. నేను వాణ్ణి ఎంత ఆటపట్టించినా "హైమక్కా, నువ్విప్పుడు వాడిన మాట ఎక్కడిదో తెలుసా" అనేవాడే గాని కోపం తెచ్చుకునేవాడు కాదు.

మాస్టారి పక్క మంచం మీద జోగులు అనే ముసలాయన ఉండేవాడు. రైల్వేలో గేట్‌మన్‌గా చేసి దిగిపోయిన మనిషి. జ్వరంతో వచ్చాడు. ఒంట్లో ఉప్పు బాగా తగ్గిపోయిందన్నారు. ఉప్పు తగ్గితే మనిషికి మతి చెదురుతుందని అప్పటిదాకా నాకు తెలీదు. జోగులు అరిచే రకం కాదు, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. కాని పడుకున్నవాడు పడుకున్నట్టే ఉండి లేచి కూర్చుంటాడు. "గేటు ఏసీయాల" అంటాడు. మంచం దిగేస్తాడు. సెలైన్ సూది ఊడి చెయ్యంతా రక్తం. ఒకసారి అలాగే దిగబోయి పడితే నుదురు చిట్లింది. నేను చెప్పబోయే రోజు పొద్దున రౌండ్సుకి వచ్చిన డాక్టరు ఆ నుదుటి కట్టు చూసి, ఆయన భార్య దాలమ్మతో ఖరాఖండిగా చెప్పేశాడు. "ఇంకోసారి లేచాడంటే రెండు చేతులూ మంచానికి కట్టించేస్తానమ్మా. నాకూ సరదా కాదు. ఈసారి తల పగిలితే ఎవరిది పూచీ?"

డాక్టరు అన్నదాంట్లో తప్పు పట్టడానికేం లేదు. అంత పెద్ద వార్డుకి ఉన్నది ఇద్దరు నర్సులు. అందరి వెనకా ఎక్కడ పరిగెడతారు పాపం? కాని దాలమ్మ మాత్రం డాక్టరుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. "కట్టీకండి బాబూ. ఈ మనిసి సెయ్యెత్తితే లారీలాగిపోయినాయి, బస్సులాగిపోయినాయి. ఆ సెయ్యి మంచానికి కట్టీసి నాను సూడనేను బాబూ. నాను కునుకు తియ్యను. నాను సూసుకుంతాను" అంది. డాక్టరు తర్వాతి మంచానికి వెళ్ళిపోయాడు. వార్డు బాయ్ అసిరయ్య మాత్రం గాజుగుడ్డ చుట్ట ఒకటి తెచ్చి మంచం ఊచకి తగిలించి, "ఉండనీ అమ్మా, అవుసరానికి" అన్నాడు. బాయ్ అంటే ఏ కుర్రాడో అనుకునేరు, అసిరయ్య మనవల్ని ఎత్తుకునే వయసువాడు. అప్పటికే దాలమ్మ కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఎన్ని రాత్రులుగా నిద్ర లేదో ఆ తల్లికి.

జనరల్ వార్డుల్లో పడుకున్నవాళ్ళకి, పడుకున్నవాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళకి తెలిసే పద్ధతి ఒకటుంది. టీకి వెళ్ళాలన్నా, మందులు తేవాలన్నా, బాత్రూంకి వెళ్ళి రావాలన్నా పక్క మంచం వాళ్ళతో "కాస్త చూస్తుండండి" అని చెప్పి వెళతారు. అడిగినవాళ్ళ పేరు తెలియక్కర్లేదు, కులం తెలియక్కర్లేదు, ఏ జబ్బో కూడా తెలియక్కర్లేదు. అడిగాక కాదన్నవాణ్ణి నేనైతే చూడలేదు. ఒప్పుకున్నవాళ్ళు తమ మనిషికి అన్నం పెడుతూనే ఒక కన్ను అటు వేసి ఉంచుతారు. మళ్ళీ వీళ్ళు వెళ్ళాల్సి వస్తే వాళ్ళు చూస్తారు. ఆ మాట అంత మామూలుగా వాడుకలో ఉండబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఆ మధ్యాహ్నం నేను కారియరు పట్టుకుని వెళ్ళేసరికి నీలాద్రి బ్యాగు భుజాన తగిలించుకుని, మాస్టారి మంచం కాళ్ళవైపు నిలబడి ఉపన్యాసం దంచుతున్నాడు. మర్నాడు పొద్దున విశాఖపట్నంలో సెమినారుట. సాయంత్రం బస్సుకి వెళ్ళాలిట. వాడి పత్రమంతా ఒకే ఒక్క మాట మీద. ఆ మాట "వార్డు".

"ఆలోచించండి మాస్టారూ! మనం పడుకున్నది వార్డు. మున్సిపాలిటీలో మనం ఓటేసేది వార్డు. బళ్ళోంచి నాన్నకి ఉత్తరం వస్తే అందులో నేను వార్డుని. హాస్టల్లో అన్నం పెట్టేవాడు వార్డెను, జైల్లో తాళం వేసేవాడు వార్డరు. బట్టలు పెట్టుకునే చెక్కబీరువా వార్డ్‌రోబు. అన్నిటికీ మూలం ఒకటే. పాత ఇంగ్లీషులో కాపలా అని. రైలు చివర జెండా ఊపే గార్డు ఉన్నాడే, ఆ మాటా ఇదే. ఫ్రెంచివాళ్ళ ఇంటికి వెళ్ళి వేషం మార్చుకుని తిరిగొచ్చింది. ఇంకా విచిత్రం, లార్డు అంటే మొదట్లో రొట్టెకి కాపలా ఉండేవాడట. కుక్క ఉన్నది జాగ్రత్త అని ఇంగ్లీషులో బోర్డు పెడతారు కదా, అందులో బివేర్ అన్న మాట కూడా దీనికి దూరపు చుట్టమేనట!"

"నీలాద్రీ, ఊపిరి తీసుకో. నిమ్ము ఆయనకి పట్టింది, నీకు కాదు" అన్నాను నేను, కారియరు విప్పుతూ.

వాడు నవ్వాడు గాని ఆగలేదు. మాస్టారి వైపు వంగి, ఈసారి నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "ఒక్కచోట ఇరుక్కుపోయాను మాస్టారూ. కాపలా సరే. కాని ఏ కాపలా? జైల్లో వార్డరు మనిషిని పోనివ్వకుండా కాస్తాడు. ఇక్కడ మనిషిని పోగొట్టుకోకుండా కాస్తారు. తాళం వెయ్యడం ఒకటి, దగ్గరుండడం ఒకటి. రెండూ ఒక్క మాటలో ఎలా పట్టాయి? వీటిలో అసలు అర్థం ఏది?"

మాస్టారు చారన్నం రెండు చెంచాలు తిని, ఇక చాలన్నట్టు చెయ్యి అడ్డం పెట్టారు. ఏదో అనబోయారు. అంతలో పక్క మంచం దగ్గర్నుంచి దాలమ్మ లేచి వచ్చింది. "మేస్టరుబాబూ, రగతం రిపోర్టు తెమ్మన్నారు, ఎనకాల బిల్డింగుకి ఎల్లాల. మా ముసిలోడ్ని కూసింత సూస్తుండండి. నాను ఇలాగెల్లి అలాగొచ్చేస్తాను."

మాస్టారి కళ్ళల్లో ఆ పాత వెలుగు కనిపించింది. పని దొరికిందన్న మాట. "నీలాద్రీ, ఆయన్ని చూస్తుండు" అన్నారు. దాలమ్మ నీలాద్రి గడ్డం పట్టుకుని, "లేస్తే సెయ్యట్టుకో బాబూ, సాలు. సెయ్యట్టుకుంటే ఆగుతాడు" అని చెప్పి, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది. ఈలోగా నర్సు వచ్చి మాస్టారి మొహానికి ఆవిరి మందు మాస్కు పెట్టింది. నేను కారియరు గిన్నెలు కడగడానికి వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్ళాను. అక్కడ క్యూ ఉంది, ఆస్పత్రిలో కుళాయి దగ్గర క్యూ లేనిదెప్పుడు?

ఆ తర్వాత జరిగింది నీలాద్రే చెప్పాడు, ఒక్క ముక్క దాచుకోకుండా. జోగులు లేచి కూర్చున్నాడు. వీడు చెయ్యి పట్టుకున్నాడు. ఆయన పడుకున్నాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడుకోబెట్టాడు. ఇంతలో సెమినారు వాళ్ళ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. లోపల సిగ్నలు సరిగ్గా లేదు, మాట తెగిపోతోంది. కిటికీ దాకా వెళితే చాలు. ఒక్క నిమిషం పని. ఊచకి గాజుగుడ్డ చుట్ట వేలాడుతూ కనిపించింది. తీసి, ముసలాయన మణికట్టుకి మెత్తగా, నొప్పి కలగకుండా, పిల్లల జడకి రిబ్బను కట్టినట్టు కట్టి, రెండో కొస ఊచకి ముడేశాడు. అలా కట్టేటప్పుడు జోగులు వీడి మొహంలోకి చూస్తూ ఊరుకున్నాడట. వీడు కిటికీ దగ్గర నిలబడి, అవతలివాళ్ళకి వార్డు అన్న మాటకి ఎన్ని అర్థాలున్నాయో వివరించడం మొదలుపెట్టాడు.

నేను కడిగిన గిన్నెలతో వార్డు గుమ్మంలోకి వచ్చేసరికి మాస్టారు మాస్కు ఊడబెరుక్కుని మంచం మీద సగం లేచి ఉన్నారు. గొంతు రావట్లేదు. చెయ్యెత్తి గుమ్మం వైపు చూపిస్తున్నారు. ఎంతసేపటి నుంచి అలా చూపిస్తున్నారో! నీలాద్రి కిటికీ వైపు తిరిగి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. పక్క మంచం ఖాళీ. ఊచకి గాజుగుడ్డ వేలాడుతోంది. సెలైన్ సూది దుప్పటి మీద పడి, చుక్కలు చుక్కలుగా కారుతోంది. ముడి ఊడదీసుకుని వెళ్ళిపోయాడు ముసలాయన.

"నీలాద్రీ!" అని నేను వేసిన కేకకి వార్డు మొత్తం తిరిగి చూసింది. వాడు మంచాన్ని చూశాడు, గుడ్డని చూశాడు. సరిగ్గా అప్పుడే దాలమ్మ రిపోర్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నేరుగా మంచం దగ్గరికి వెళ్ళి ఆ గాజుగుడ్డ ముడి చేత్తో పట్టుకుంది. "కట్టీసినారా బాబూ?" అంది. అంతే, కూలబడి భోరుమంది. నీలాద్రిని తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "సూసుకుంతానని సెప్పి నానేటి సేసినాను, ఒగ్గీసి ఎల్లిపోనాను" అని తన్ను తనే తిట్టుకుంది. అసిరయ్య గబగబా వచ్చి, "సెప్పినానా? ఇక కట్టక తప్పదు" అన్నాడు. నర్సు డ్యూటీ డాక్టరుకి ఫోను చేస్తోంది.

"ఏడవకమ్మా, పద, వెతుకుదాం" అని నేను దాలమ్మని లేవదీశాను. ముగ్గురం పరుగు. గేటు గేటు అని కలవరించే మనిషి గేటు దగ్గర కాక ఇంకెక్కడుంటాడని మెయిన్ గేటుకి వెళ్ళాం. అక్కడ లేడు. పండ్ల బండివాడు చూళ్ళేదన్నాడు, ఆటోవాళ్ళు చూళ్ళేదన్నారు. బయట రోడ్డు మీద లారీలు దూసుకుపోతున్నాయి. నీలాద్రి రోడ్డు మధ్యకి వెళ్ళి అటూ ఇటూ చూసి వచ్చాడు. "దాలమ్మగారూ, ఆయన ఎటు వెళ్ళుంటారు? ఇంటికా?" అని అడిగాడు.

"ఇంటికి ఎల్లడు బాబూ" అంది దాలమ్మ రొప్పుతూ. "డూటీలో ఉంటే ఇంటికి రాడు. మా పెద్దపాప పుట్టినప్పుడు కబురెడితే రానేదు. నాను సచ్చిపోతన్నానని మళ్ళీ కబురెట్టినారు. అయినా రానేదు. ఈడి బదులు డూటీకి రిలీవరొచ్చి చార్జి తీసుకున్నాకే గేటు దిగినాడు. దిగి, పొలాలకడ్డం పడి పరిగెట్టి వొచ్చినాడు. గేటు ఒగ్గీసి అడుగెయ్యడు. ఆ బుద్ది ఆడిది." కష్టంలో ఉన్న మనిషి ఇలా పాత కబుర్లు చెబుతుంటే ఓదార్పుగా వింటాం. నీలాద్రి మాత్రం ఆ గేటు ఈ ఆస్పత్రిలో ఎక్కడుంటుందా అని విన్నాడట, తర్వాత చెప్పాడు. ఆ క్షణంలో వాడు ఆస్పత్రి లోపలికి పరిగెత్తాడు, వాడి వెనక మేం.

ఆపరేషన్ థియేటరుకి వెళ్ళే నడవా ఉంది చూశారూ, అక్కడ రెండు దారులు అడ్డంగా కలుస్తాయి. ఒకటి జనం నడిచేది, ఒకటి స్ట్రెచర్లు తోసుకెళ్ళేది. అక్కడ కనిపించాడు జోగులు. ఆస్పత్రి చొక్కా, నుదుట కట్టు, భుజాన ఎర్ర తువ్వాలు. నడవా మధ్య నిటారుగా నిలబడి, కుడి చెయ్యి అడ్డంగా చాపి ఉన్నాడు. మణికట్టు నుంచి సన్నగా రక్తం కారుతోంది, దాని మీద ఆయనకి ధ్యాసే లేదు. ఆ చేతికి ఇవతల జనం ఆగి ఉన్నారు, చచ్చినట్టు! కారియరు పట్టుకున్న ఆడవాళ్ళు, ఎక్స్‌రే కవరు పట్టుకున్న కుర్రాళ్ళు, తెల్లకోటు వేసుకున్న మెడిసిన్ పిల్ల కూడా. ఈయనెవరని ఎవరూ అడగలేదు. ఆ నిలబడిన తీరు అలాంటిది. దడదడమంటూ స్ట్రెచరు వచ్చింది. దాని మీద ఎవరో పిల్ల, పక్కన పరిగెడుతున్న తల్లి. ఒక్క క్షణం ఆగకుండా అది జనం మధ్య నుంచి సాఫీగా థియేటరు వైపు వెళ్ళిపోయింది. జోగులు దాని వెనక చక్రం కనుమరుగయ్యేదాకా చూసి, అప్పుడు చెయ్యి దించాడు. "ఎల్లండి" అన్నాడు. జనం కదిలారు.

దాలమ్మ "ఓరి దేవుడో" అని ముందుకి పరిగెత్తబోయింది. నీలాద్రి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఇందాక కట్టేసినవాడు ఇప్పుడు పట్టుకుని ఈడ్చుకొస్తాడేమో అనుకున్నాను. కాదు. వాడు చొక్కా సర్దుకుని, మెల్లగా వెళ్ళి జోగులు ఎదురుగా నిలబడ్డాడు.

"జోగులుగారూ, నేను రిలీవర్నండి. కొత్తగా వేశారు."

ముసలాయన వాణ్ణి పైనుంచి కిందకి చూశాడు. "టైమయిపోయిందేటి?"

"అయిపోయిందండి. చాలా ఆలస్యమైంది. నాదే తప్పు."

"నిద్రోతావేటి?"

"పోనండి."

"బండొచ్చినప్పుడు ఎవుడెంత తొందరెట్టినా గేటు తియ్యకు. ఆలకి కోపాలొస్తాయి, తిడతారు. తిట్లు తినీ. గేటు మాత్రం తియ్యకు."

"తియ్యను."

"మరి చార్జి తీసుకున్నానని సెప్పు. నువ్వు సెప్పందే నాను దిగకూడదు."

"ఛార్జి తీసుకున్నానండి" అన్నాడు నీలాద్రి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడం ఎందుకు! జోగులు భుజాలు ఒక్కసారిగా జారాయి. అంతసేపూ నిటారుగా నిలబడ్డ మనిషి చూస్తుండగానే ముసలివాడైపోయాడు. భుజం మీది ఎర్ర తువ్వాలు తీశాడు. దులిపాడు. జెండా చుట్టినట్టు చుట్టి నీలాద్రి చేతిలో పెట్టాడు. అప్పుడు గాని దాలమ్మ ఆయన కంటికి ఆనలేదు. "దాలీ, నువ్వొచ్చినావా? ఇంటికెల్దుమా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా. "ఎల్దుం పద" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది. నడుస్తూ నడుస్తూ మధ్యలో ఆగి, "ఇన్నాళ్ళబట్టి లేచి పోతాడు లేచి పోతాడని పట్టుకోడమే సేసినాను. ఆడికి రిలీవరు రానేదని నాకు తట్టనేదమ్మా" అని నాతో అంది.

వార్డులోకి రాగానే జోగులు తనంతట తను మంచం ఎక్కాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నర్సు మళ్ళీ సూది పెడుతుంటే మూలుగు కూడా లేదు. చూస్తుండగానే గురక. అసిరయ్య గాజుగుడ్డ చుట్ట పట్టుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు, వెనకాలే డ్యూటీ డాక్టరు వచ్చాడు. పొద్దున ఖరాఖండిగా చెప్పినాయనే. దాలమ్మ మంచానికి అడ్డంగా నిలబడింది, కొంగు నోట్లో కుక్కుకుని. డాక్టరు జోగులు నాడి చూశాడు, కళ్ళు ఎత్తి చూశాడు. "నిద్రకి ఇంజక్షన్ ఎవరిచ్చారు?" అన్నాడు.

"ఎవరూ ఇవ్వలేదండి. డ్యూటీ దిగారు" అన్నాడు నీలాద్రి.

డాక్టరుకి అర్థం కాలేదు. మేం చెప్పాం, ఒకరి మాటలో ఒకరు దూరి. ఆయన విన్నాడు. నవ్వలేదు, కోప్పడలేదు. అసిరయ్య చేతిలో గుడ్డ తీసుకుని తన కోటు జేబులో పెట్టుకున్నాడు. "కట్టొద్దులే. కాని పక్కన మనిషి ఉండాలి. ఈ ఉప్పు ఒక దారికి వచ్చేదాకా, కళ్ళు తెరిచి ఉన్న మనిషి" అని వెళ్ళిపోయాడు. దాలమ్మకి ఆ మాట చెవిన పడిందో లేదో, మంచం పక్కన నేల మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. నేను నా శాలువా కప్పాను. కదల్లేదు. ఎన్ని రోజుల నిద్రో అది.

నీలాద్రి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒళ్ళో ఆ ఎర్ర తువ్వాలు. ఫోను రెండుసార్లు మోగితే కట్టేసి బ్యాగులో పడేశాడు. కిటికీలోంచి ఎండ మంచాల మీద నుంచి గోడల మీదకి, గోడల మీద నుంచి పైకప్పుకి పాకింది. వాడు జోగులు మొహం మీంచి చూపు తిప్పలేదు. ఒకసారి ముసలాయన నిద్రలోనే చెయ్యి చాపితే, దాన్ని తన అరచేతిలో ఉంచుకున్నాడు. గట్టిగా పట్టుకోలేదు, ఊరికే ఉంచుకున్నాడు. మాటలు తప్ప మనుషులు కనిపించని నీలాద్రేనా వీడు అనిపించింది నాకు. ఆటపట్టిద్దామని నోటిదాకా వచ్చింది గాని మనసొప్పలేదు.

బస్సు వేళ దగ్గరపడింది. వాడు గడియారం చూశాడు, నేల మీద దాలమ్మని చూశాడు, మళ్ళీ మంచం వైపు చూశాడు. లేవలేదు. "వెళ్ళు, నేను కూర్చుంటా" అని నేను అనేలోపే పక్క మంచం మీంచి మాస్టారి చెయ్యి చాపుకుని వచ్చింది. ఆయన చాలాసేపటి నుంచి దిండుకి ఆనుకుని కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, అంతా చూస్తున్నారు.

"అది ఇలా ఇయ్యి" అన్నారు.

"మీరా మాస్టారూ? మీకే ఒంట్లో బాగాలేదు."

"చెడింది ఊపిరితిత్తులు కదా. కళ్ళకేం, బాగానే ఉన్నాయి."

నీలాద్రి ఒక్క నిమిషం తటపటాయించి, జోగులు చేతిని దుప్పటి మీద పదిలంగా పెట్టి, తువ్వాలు మాస్టారి చేతికి అందించాడు. మాస్టారు దాన్ని గుండెల మీద పెట్టుకుని, జోగులు వైపు ఒత్తిగిలి పడుకున్నారు, కళ్ళజోడు తియ్యకుండానే. నీలాద్రి బ్యాగు తగిలించుకుని నాలుగడుగులు వేసి ఆగాడు. పరిశోధకుడు కదా, ఎంతైనా! మర్నాడు పొద్దున అందరి ముందూ నిలబడి చదవాల్సినవాడు. వెనక్కి తిరిగి, మంచం కాళ్ళ దగ్గర నిలబడి, "మాస్టారూ, ఇంతకీ ఆ మాటకి అసలు అర్థం ఏదని చెప్పమంటారు?" అని అడిగాడు. ఉత్సాహంలో గొంతు కాస్త పెద్దదే అయింది.

మాస్టారు జోగులు మీంచి చూపు తిప్పలేదు. పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"మెల్లగా అడగరా నాయనా, వాళ్ళిద్దరూ నిద్రపోతున్నారు."